గుర్తింపు వచ్చింది, గేటు మాత్రం వాళ్ల చేతికి రాలేదు

2025 సెప్టెంబర్ 21న బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, పోర్చుగల్ ఒకే రోజు పాలస్తీనాను దేశంగా గుర్తించాయి. మర్నాడు న్యూయార్క్‌లో ఫ్రాన్స్ కూడా అదే మాట చెప్పింది. మన టీవీల్లోనూ చర్చలు నడిచాయి, ఇక పాలస్తీనా దేశం వచ్చేసినట్టే అన్నవాళ్లున్నారు, ఇదంతా ఉత్త కాగితం అని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. సరిగ్గా అదే వారంలో జోర్డాన్ నది మీదున్న అలెన్‌బీ వంతెనను ఇజ్రాయెల్ మూసేసింది. అంతకు కొద్ది రోజుల ముందు జోర్డాన్‌కు చెందిన ఒక లారీ డ్రైవర్ అక్కడ కాల్పులు జరిపి ఇద్దరు ఇజ్రాయెలీలను చంపాడు. జోర్డాన్ నదికి పడమట, ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్‌లోని సుమారు 30 లక్షల మంది పాలస్తీనియన్లకు బయటి ప్రపంచంలోకి వెళ్లడానికి దాదాపు ఉన్న ఒకే ఒక్క దారి ఆ వంతెన. తర్వాత ప్రయాణికుల కోసం మళ్లీ తెరిచారు. కానీ మూయాలా తెరవాలా అన్నది తేల్చేటప్పుడు ఆ 30 లక్షల మందిలో ఒక్కరి మాటకూ అక్కడ చోటు లేదు.

ఈ గొడవంతా అర్థం కావాలంటే నన్నడిగితే ముందు ఆ వంతెన దగ్గరికే వెళ్లాలి. వెస్ట్ బ్యాంక్ పట్టణం రమల్లాలో ఉండే ఒకావిడ దుబాయ్‌లో ఉన్న కొడుకుని చూడ్డానికి వెళ్లాలనుకుందాం. టెల్ అవీవ్ ఎయిర్‌పోర్టు గంట దూరంలోనే ఉంది, కానీ ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఆవిడ అక్కడి నుంచి ఎగరకూడదు. అందుకని ముందు జెరికోలో పాలస్తీనా వాళ్ల టెర్మినల్‌కి వెళ్తుంది, అక్కడ బస్సెక్కి ఇజ్రాయెల్ టెర్మినల్‌కి, అక్కడ సామాన్లు, తనిఖీ, ఇంకో లైను, మళ్లీ బస్సెక్కి వంతెన దాటితే జోర్డాన్ టెర్మినల్, అక్కడ ఇంకోసారి అన్నీ. ఆ చోట నది వెడల్పు కొన్ని మీటర్లే, దాన్ని దాటడానికి మూడు ప్రభుత్వాల ముందు నిలబడాలి, ఒక్కోసారి రోజంతా పడుతుంది. ఆ వంతెనకు పేర్లు కూడా మూడు. ఇజ్రాయెల్ అలెన్‌బీ అంటుంది, అది మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ జనరల్ పేరు. జోర్డాన్ తన రాజు పేరుతో కింగ్ హుసేన్ వంతెన అంటుంది. పాలస్తీనియన్లు కరామా అంటారు, అంటే గౌరవం అని.

దేశం అంటే ఏంటి అన్నదానికి 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం నాలుగు లక్షణాలు చెప్పింది. స్థిరంగా ఉండే జనం, ఫలానా అని చెప్పగలిగే భూభాగం, ఒక ప్రభుత్వం, వేరే దేశాలతో సంబంధాలు నడిపే శక్తి. మొదటి మూడింటి మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి. నాకు మాత్రం అసలు ముడి నాలుగోదాంట్లోనే ఉందనిపిస్తుంది. ఇరుగుపొరుగుతో నేరుగా, మధ్యలో ఎవరి అనుమతీ లేకుండా వ్యవహరించుకోగలగడం పాలస్తీనియన్లకు ఏ కాలంలోనూ దక్కలేదు, దానికి ఇజ్రాయెల్ ఆక్రమణ ప్రధాన కారణమే, కానీ ఒక్కటే కారణం కాదు. పొరుగునున్న అరబ్ దేశాల్లో ప్రతి ఒక్కటీ పాలస్తీనా పేరు చెప్పి మాట్లాడింది, అవే దేశాలు తమ తమ భయాల కొద్దీ ఆ జనాన్ని గుమ్మంలోనే నిలబెట్టాయి.

1948 నుంచి మొదలుపెడదాం. అంతకు ముందు ఏడాది నవంబర్ 29న ఐక్యరాజ్యసమితి అప్పటికి బ్రిటన్ పాలనలో ఉన్న పాలస్తీనా భూమిని యూదు దేశంగా, అరబ్ దేశంగా విభజించాలని తీర్మానించింది. అనుకూలంగా 33 ఓట్లు, వ్యతిరేకంగా 13. ఆ 13లో మనదీ ఒకటి, సొంత విభజన రక్తం ఇంకా ఆరని రోజులవి. అరబ్బులు ఆ ప్రణాళికను ఒప్పుకోలేదు, యుద్ధం వచ్చింది, సుమారు 7 లక్షల మంది పాలస్తీనియన్లు ఇళ్లు వదిలి పారిపోయారు లేదా తరిమివేయబడ్డారు. దాన్నే వాళ్లు నక్బా అంటారు, అంటే మహా విపత్తు. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథే. ఆ యుద్ధం ఆగాక పాలస్తీనాకు మిగిలిన భూమి ఎవరి చేతికి వెళ్లిందో మాత్రం తక్కువమందికి గుర్తుంటుంది. వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం జోర్డాన్ దగ్గర ఉండిపోయాయి, 1950లో జోర్డాన్ వాటిని తనలో కలిపేసుకుంది. గాజా ఈజిప్టు సైన్యం కింద ఉండిపోయింది. 1948 సెప్టెంబర్‌లో గాజాలో అఖిల పాలస్తీనా ప్రభుత్వం అని ఒకటి ప్రకటించారు, దానికి సొంత సైన్యం లేదు, డబ్బు లేదు, కొద్ది కాలానికే కైరోకి మకాం మార్చింది, చివరికి 1959లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ దాన్ని రద్దు చేశాడు. 19 ఏళ్ల పాటు ఆ భూమి అరబ్ దేశాల చేతిలోనే ఉంది, పాలస్తీనా దేశం మాత్రం ఏర్పడలేదు.

ఈ నిజాన్ని ఇప్పుడు చాలామంది ఒక ఆయుధంలా వాడతారు, "అప్పుడు మీ వాళ్లే ఇవ్వలేదు కదా, ఇప్పుడు మమ్మల్నెందుకు అడుగుతారు" అని. నేను దాన్ని ఒప్పుకోను. ఒక హక్కును ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు లాక్కుంటే, మొదటివాడు లాక్కున్నాడు కాబట్టి రెండోవాడి తప్పు పోదు. అలాగని మొదటివాడిని మర్చిపోనూ కూడదు. జోర్డాన్ రాజు అబ్దుల్లాను 1951 జూలైలో అల్-అక్సా మసీదు దగ్గర ఒక పాలస్తీనా యువకుడు కాల్చి చంపాడు. పక్కనే ఆయన మనవడు హుసేన్ ఉన్నాడు. ఆ కుర్రాడే మరుసటి ఏడాది రాజై, 1999లో చనిపోయేదాకా జోర్డాన్‌ని ఏలాడు. పాలస్తీనా విషయంలో జోర్డాన్ వేసిన ప్రతి అడుగు వెనకా ఆ భయం ఉందంటే ఆశ్చర్యం లేదు.

1964లో పాలస్తీనా విమోచన సంస్థ, అదే పీఎల్ఓ, పుట్టింది కూడా అరబ్ దేశాల కూటమి అరబ్ లీగ్ నిర్ణయంతోనే. 1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధంలో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్, గాజా, ఈజిప్టుకు చెందిన సినాయ్, సిరియాకు చెందిన గోలన్ అన్నీ పట్టుకున్నాక పాలస్తీనియన్లకు ఒకటి తెలిసొచ్చింది, అరబ్ సైన్యాలు వచ్చి తమ భూమి తెచ్చిపెట్టవని. ఆ తర్వాతే పాలస్తీనా గెరిల్లా నాయకుడు యాసర్ అరాఫాత్ చేతికి పీఎల్ఓ వచ్చింది. జోర్డాన్ నేల మీద వాళ్ల గెరిల్లాలు రాజ్యంలో రాజ్యంలా తయారయ్యారు, 1970 సెప్టెంబర్‌లో హుసేన్ సైన్యాన్ని దించాడు, వేలమంది చనిపోయారు, 1971 వేసవికల్లా వాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టేశాడు. అక్కడి నుంచి లెబనాన్‌కి వెళ్లారు. 1982లో ఇజ్రాయెల్ లెబనాన్ మీద దండెత్తడంతో ట్యునీషియాకి వెళ్లారు. మధ్యలో 1974లో రబాత్ సదస్సులో అరబ్ దేశాలన్నీ కలిసి పాలస్తీనియన్లకు ఏకైక న్యాయమైన ప్రతినిధి పీఎల్ఓనే అని తీర్మానించాయి. అంటే ఒకవైపు సభల్లో కుర్చీ వేశారు, ఇంకోవైపు తమ నేల మీద కాలు నిలవనివ్వలేదు.

జోర్డాన్ సంగతి కాస్త ఎక్కువసేపు చెప్పుకోవాలి, ఎందుకంటే పాలస్తీనియన్లకు అందరికంటే ఎక్కువ ఇచ్చిందీ అదే, ఇచ్చింది వెనక్కి తీసుకున్నదీ అదే. 1948 తర్వాత వచ్చిన శరణార్థులకు పౌరసత్వం ఇచ్చిన ఒకే ఒక్క అరబ్ పొరుగు దేశం జోర్డాన్. ఇవాళ ఆ దేశ జనాభాలో సగమో అంతకంటే ఎక్కువో పాలస్తీనా మూలాలున్నవాళ్లని అంచనా. రాణి రానియా కుటుంబమూ పాలస్తీనా నుంచి వచ్చిందే. అయితే 1988 జూలై 31న హుసేన్ వెస్ట్ బ్యాంక్‌తో చట్టపరమైన బంధం తెంచుకుంటున్నానని ప్రకటించాడు. నది కవతల ఉన్నవాళ్లు ముందు రోజు జోర్డాన్ పౌరులుగా నిద్రపోయి మర్నాడు ఏ దేశానికీ చెందనివాళ్లుగా లేచారు. 1983 నుంచి వంతెన దగ్గర ఇచ్చే కార్డులతో లెక్క తేల్చారు. పచ్చ కార్డు ఉంటే వెస్ట్ బ్యాంక్ మనిషి, పసుపు కార్డు ఉంటే జోర్డాన్ మనిషి. పచ్చ కార్డు వాళ్లకి పాస్‌పోర్టు ఇస్తారు, కానీ అది ప్రయాణానికి పనికొచ్చే కాగితమే తప్ప పౌరసత్వం కాదు, జాతీయ నంబరు ఉండదు. ఆ నంబరు లేకపోతే పిల్లల బడి దగ్గర్నుంచి ఉద్యోగం దాకా అన్నిటికీ ఇబ్బందే. 2004 నుంచి 2008 మధ్య 2,700 మందికి పైగా ఇలా పౌరసత్వం పోగొట్టుకున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2010లో లెక్క చెప్పింది. 1967లో గాజా నుంచి వచ్చినవాళ్లకైతే మొదటి నుంచీ పౌరసత్వం లేదు.

ఇంత కఠినంగా ఎందుకు అంటే దానికీ ఒక సమాధానం ఉంది, అది పూర్తిగా కొట్టిపారేసేది కాదు. "పాలస్తీనా దేశం కావాలా, జోర్డాన్ ఉందిగా, అదే పాలస్తీనా" అనే వాదన ఇజ్రాయెల్ మితవాదుల్లో ఏళ్ల తరబడి ఉంది. జోర్డాన్‌లో దీన్ని ప్రత్యామ్నాయ మాతృభూమి అంటారు, ఆ మాట వింటేనే అక్కడి పాలకులకి టెన్షన్. వెస్ట్ బ్యాంక్ జనం మొత్తానికీ పౌరసత్వం ఇచ్చేస్తే వాళ్లని నది ఇవతలికి తోసేయడానికి దారి సుగమం చేసినట్టే అని వాళ్ల భయం. అదే జోర్డాన్ 1994లో ఇజ్రాయెల్‌తో శాంతి ఒప్పందం చేసుకుంది, దాని కింద ఏటా 5 కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు తీసుకుంటుంది, 2020 నుంచి ఇజ్రాయెల్ గ్యాస్‌తో కరెంటు తయారు చేస్తోంది. ప్రపంచంలోనే నీటి కరువు ఎక్కువున్న దేశాల్లో అదొకటి. వీధుల్లో జనం ఆ గ్యాస్ వద్దని ఊరేగింపులు తీస్తారు, ప్రభుత్వం ఇజ్రాయెల్‌ని ఖండిస్తుంది, నీళ్లు, గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటాయి. అడకత్తెరలో పోకచెక్క అంటామే, సరిగ్గా అదే పరిస్థితి.

ఈజిప్టు కథ వేరు. అది 1979లోనే ఇజ్రాయెల్‌తో సంధి చేసుకుని సినాయ్ వెనక్కి తెచ్చుకుంది. పాలస్తీనియన్ల స్వయంపాలన గురించి అమెరికా మధ్యవర్తిత్వంలో కుదిరిన క్యాంప్ డేవిడ్ ఒప్పందం కాగితాల్లో రాసుకున్నారు గానీ అది అక్కడే ఆగిపోయింది. అరబ్ లీగ్ ఈజిప్టును పదేళ్లు దూరం పెట్టింది, 1981లో ఆ సంధి చేసుకున్న అధ్యక్షుడు సాదత్‌ను సొంత సైనికులే చంపారు. సినాయ్ తిరిగిచ్చేటప్పుడు, 1982లో, కొత్త సరిహద్దు రఫా ఊరి మధ్యలోంచి పోయింది. ఇళ్లు అటూ ఇటూ అయ్యాయి. కెనడా క్యాంప్ అని ఒక శరణార్థి శిబిరం, ఒకప్పుడు అక్కడ ఐరాస తరఫున ఉన్న కెనడా సైనికుల వల్ల ఆ పేరొచ్చింది, అది కంచెకి ఈజిప్టు వైపు పడిపోయింది, చుట్టాలంతా గాజా వైపు. మనుషులు కంచెకి ఇటొకరు అటొకరు నిలబడి పెళ్లి కబుర్లు, చావు కబుర్లు అరుచుకుంటూ చెప్పుకునేవాళ్లు. ఆ కుటుంబాలని వెనక్కి గాజాకి తీసుకురావడం 1989లో మొదలైతే, పూర్తయ్యేసరికి పదేళ్లు పట్టింది.

2007లో గాజా పాలస్తీనా ఇస్లామిస్టు సాయుధ సంస్థ హమాస్ చేతికి వెళ్లాక ఇజ్రాయెల్ దిగ్బంధం మొదలైంది, రఫా వైపు ఈజిప్టు కూడా చాలా కాలం గేటు మూసే ఉంచింది. హమాస్ మూలాలు ఈజిప్టులో పుట్టిన ఇస్లామిస్టు సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్‌లో ఉన్నాయి, కైరో పాలకులకి ఆ సంస్థంటే సొంత ఇంట్లో శత్రువు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడి చేసి సుమారు 1,200 మందిని చంపి 251 మందిని బందీలుగా పట్టుకెళ్లాక, ఇజ్రాయెల్ యుద్ధంలో గాజాలో పదుల వేల మంది చచ్చిపోతుంటే, బయటపడగలిగినవాళ్లు రఫా దాటడానికి పెద్దవాళ్లకి మనిషికి 5,000 డాలర్ల దాకా కట్టాల్సి వచ్చిందని వార్తలొచ్చాయి. ఈ ఒక్క విషయం చదివినప్పుడు నాకు కోపం ఆగలేదు. ఇంట్లో నలుగురుంటే ఎవరిని పంపాలి, ఎవరిని బాంబుల కింద వదిలేయాలి అని తేల్చుకోవడానికి ఏ తండ్రికైనా నోరు ఎలా వస్తుంది?

అయినా ఈజిప్టు గేటు బార్లా తెరవకపోవడాన్ని రాక్షసత్వం అని ఒక్క మాటలో తేల్చేయలేం. ఒకసారి గాజా జనం సినాయ్‌లోకి వచ్చేస్తే తిరిగి వెళ్లనిస్తారన్న నమ్మకం ఎవరికీ లేదు, 1948లో వెళ్లినవాళ్ల మనవలు ఇంకా శిబిరాల్లోనే ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ గాజా జనాన్ని ఈజిప్టు, జోర్డాన్‌లకి తరలించాలన్నప్పుడు రెండు దేశాలూ కుదరదని చెప్పాయి. మార్చి 4న కైరోలో అరబ్ సదస్సు పెట్టి, జనాన్ని అక్కడే ఉంచి గాజాను తిరిగి కట్టడానికి 5,300 కోట్ల డాలర్ల ప్రణాళిక ముందుకు తెచ్చారు. ఏటా 130 కోట్ల డాలర్ల అమెరికా సైనిక సాయం తీసుకునే దేశం ఆ మాట అనడం చిన్న విషయం కాదు. ఇక్కడ పాలస్తీనియన్ల అవసరం, పొరుగువాళ్ల స్వార్థం ఒకే వైపు నిలబడ్డాయి, అలా కుదరడం అరుదు.

లెబనాన్‌లో బతుకు అన్నిటికంటే ఘోరం. అక్కడ పుట్టి పెరిగిన పాలస్తీనా కుర్రాడు డాక్టరు చదివినా, ఇంజనీరింగ్ చదివినా ఆ పని చట్టబద్ధంగా చేసుకోవడానికి చాలా అడ్డంకులున్నాయి. 2001 చట్టం ప్రకారం ఇల్లు కొనుక్కోకూడదు. కారణం ఆ దేశ రాజకీయం మొత్తం క్రైస్తవులు, షియాలు, సున్నీల లెక్క మీద నడవడం. పాలస్తీనియన్లలో ఎక్కువమంది సున్నీలు కాబట్టి పౌరసత్వం ఇస్తే లెక్క మారుతుంది, అందుకే శాశ్వత స్థిరనివాసం కుదరదని రాజ్యాంగం పీఠికలోనే రాసుకున్నారు. అంతర్యుద్ధం చేదు జ్ఞాపకాలు కూడా ఉన్నాయి, 1982 సెప్టెంబర్‌లో సబ్రా, షతీలా శిబిరాల్లో జరిగిన ఊచకోతను అక్కడి పాలస్తీనియన్లు మర్చిపోలేదు. సిరియాలో మాత్రం 1956 నుంచే చదువు, ఉద్యోగాల్లో దాదాపు సమాన హక్కులుండేవి, పౌరసత్వం తప్ప. ఆ మంచి కూడా అంతర్యుద్ధంలో కొట్టుకుపోయింది, డమాస్కస్ పక్కనున్న యార్మూక్ శిబిరం ముట్టడిలో ఆకలితో అల్లాడి, చివరికి శిథిలాల దిబ్బ అయింది.

అరబ్ దేశాలు ఇలా పౌరసత్వం ఇవ్వకపోవడానికి పైకి చెప్పే సూత్రం ఒకటుంది. 1965 కాసాబ్లాంకా ఒడంబడికలో, పాలస్తీనియన్లకు తమ పౌరులతో సమానంగా పని హక్కులివ్వాలి, కానీ వాళ్ల పాలస్తీనా గుర్తింపు అలాగే ఉండాలి అని రాశారు. ఇంటికి తిరిగెళ్లే హక్కు పోకూడదన్నది ఉద్దేశం. ఉద్దేశం మంచిదే, చాలామంది శరణార్థులు కూడా అదే కోరుకున్నారు. కానీ చాలా చోట్ల మొదటి సగం గాలికొదిలేసి రెండో సగం మాత్రం అమలు చేశారు.

ఇక వాళ్ల సొంత నేల మీద ఏముందో చూద్దాం. ఇజ్రాయెల్, పీఎల్ఓ 1993లో చేసుకున్న ఓస్లో ఒప్పందం తర్వాత పరిమిత స్వయంపాలన కోసం పాలస్తీనా అథారిటీ వచ్చింది, 1995లో వెస్ట్ బ్యాంక్‌ను ఎ, బి, సి అని మూడు ముక్కలు చేశారు. దాదాపు 60 శాతం భూమి సి కింద పూర్తిగా ఇజ్రాయెల్ చేతిలో ఉంది. ఎ అంటే అథారిటీ చేతిలోని పట్టణాలు, 18 శాతం, చుట్టూ సముద్రంలో దీవుల్లా. ఐదేళ్లలో తుది పరిష్కారం అన్నారు, 30 ఏళ్లు దాటిపోయాయి. తూర్పు జెరూసలేంతో కలిపి ఇప్పుడు 7 లక్షల దాకా ఇజ్రాయెల్ సెటిలర్లు, అంటే ఆక్రమిత భూమిలో కాలనీలు కట్టుకున్నవాళ్లు, అక్కడున్నారు. దిగుమతుల మీద పన్ను పాలస్తీనా తరఫున ఇజ్రాయెలే వసూలు చేసి ఇస్తుంది, అథారిటీ ఆదాయంలో సగానికి పైగా అదే, గొడవొచ్చినప్పుడల్లా ఆ డబ్బు ఆపేస్తారు, టీచర్లకీ నర్సులకీ సగం జీతాలే వస్తాయి. వాళ్లకి 970 అని సొంత టెలిఫోన్ కోడ్ ఉంది, కానీ ఫ్రీక్వెన్సీలకి ఇజ్రాయెల్ అనుమతి కావాలి కాబట్టి వెస్ట్ బ్యాంక్‌లో 3జీ వచ్చింది 2018 జనవరిలో. గాజా తీరంలో గ్యాస్ ఉందని పాతికేళ్ల క్రితమే తెలుసు, ఇంతవరకూ ఒక్క పొయ్యి వెలగలేదు. ఇదే సమయంలో పక్కనున్న ఈజిప్టు ఇజ్రాయెల్ దగ్గర గ్యాస్ కొంటోంది.

పాలస్తీనా నాయకత్వం తప్పులు కూడా దాచకూడదు. చివరి పార్లమెంటు ఎన్నికలు 2006లో జరిగాయి. అథారిటీని నడిపే ఫతా పార్టీ, హమాస్ ఒకరినొకరు కాల్చుకుని వెస్ట్ బ్యాంక్ ఒకరు, గాజా ఒకరు పంచుకున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాడెవడూ అక్కడ ఇంతవరకూ పార్లమెంటుకి ఓటు వేయలేదు. అక్టోబర్ 7 నాటి హత్యల తర్వాత ఇజ్రాయెల్‌లో మామూలు మనుషులకి కూడా పక్కనే ఒక పాలస్తీనా దేశం అంటే భయం పుట్టింది, ఆ భయం నిజమైనదే. దాన్ని నెతన్యాహు ప్రభుత్వం గట్టి గోడలా వాడుకుంది. 2024 జూలైలో అక్కడి పార్లమెంటు జోర్డాన్ నదికి పశ్చిమాన పాలస్తీనా దేశం వద్దంటూ 68-9 ఓట్లతో తీర్మానం చేసింది.

ఐరాసలో లెక్క మాత్రం పెరుగుతూనే ఉంది. 1988 నవంబర్ 15న అల్జీర్స్‌లో అరాఫాత్ స్వతంత్ర దేశం ప్రకటించాడు, మూడు రోజుల్లో మన దేశం గుర్తించింది. 2012లో 138 దేశాల ఓటుతో సభ్యత్వం లేని పరిశీలక దేశం హోదా వచ్చింది. 2024 ఏప్రిల్‌లో పూర్తి సభ్యత్వం అడిగితే భద్రతా మండలిలో 12 మంది సరే అన్నారు, అమెరికా వీటో చేసింది. 2025 సెప్టెంబర్ నాటికి గుర్తించిన దేశాలు 193లో 157 దాకా చేరాయి. ఇదంతా వృథా అని నేననను. ఆ పరిశీలక హోదా వల్లే 2015లో పాలస్తీనా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో చేరగలిగింది. గుర్తింపుతో మాట విలువ పెరుగుతుంది, కానీ గేటు దగ్గర స్టాంపు వేసే చెయ్యి మారదు.

మన తెలుగువాళ్లకీ ఆ సరిహద్దులు కొత్తేం కాదు. తెలంగాణ, ఆంధ్ర నుంచి ఎంతోమంది ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లని చూసుకునే కేర్‌గివర్లుగా పనిచేస్తున్నారు. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ యుద్ధంతో విమానాలు ఆగిపోతే మన ప్రభుత్వం ఆపరేషన్ సింధు పేరుతో అక్కడున్న భారతీయులని బస్సుల్లో జోర్డాన్, ఈజిప్టు సరిహద్దులు దాటించి విమానాలెక్కించింది. బస్సులో ఉన్నవాళ్ల చేతిలో ఒక పాస్‌పోర్టు ఉంది, ఆ పాస్‌పోర్టు వెనక అమ్మాన్‌లో, కైరోలో ఫోన్ ఎత్తే రాయబార కార్యాలయం ఉంది, అది ఫోన్ చేస్తే గేటు తెరుచుకుంది. పాలస్తీనాకూ అమ్మాన్‌లో రాయబార కార్యాలయం ఉంది, జెండా ఉంది, రాయబారి ఉన్నాడు. రమల్లాలో ఉన్న ఆవిడ కొడుకుని చూడ్డానికి బయల్దేరిన రోజు వంతెన మూసి ఉంటే, దాన్ని తీయించే శక్తి మాత్రం ఆ ఆఫీసుకి లేదు.